‘ఏం కాదులే’ అన్న మాట మీ ఇంట్లో ఎందుకు చెల్లడం లేదంటే...

ప్రశ్న: మేడమ్, మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు కౌలుకు చేస్తున్నాను. మా ఆమె పుట్టిల్లు నెల్లూరు, వేదాయపాళెం. 2021 మేలో మొదటి కాన్పుకి అక్కడుండగా తనకి పాజిటివ్ వచ్చింది. ఆసుపత్రిలోకి నన్ను రానివ్వలేదు. మూడు రోజులు గేటు బయటే ఉన్నాను. రెండో రోజు మా నాయన ఒంగోలులో కొవిడ్‌తో పోయాడు. ఆక్సిజన్ బెడ్డు దొరికేసరికే ఆలస్యమైపోయింది. ‘భార్య నిండు చూలాలు, నువ్వు రావద్దు’ అన్నారు పెద్దవాళ్లు. మా చిన్నాయన కొడుకు తలకొరివి పెట్టాడు. ఆమె లోపల్నుంచి ఫోన్ చేసి ‘మామ ఎట్లున్నాడు’ అని అడిగితే, ‘ఏం కాదులే, పడుకున్నాడు’ అన్నాను. పదకొండో రోజు ఎవరిదో వాట్సాప్ స్టేటస్‌లో దండ వేసిన ఫొటో చూసి తెలుసుకుంది.

పాప బాగుంది, నాలుగేళ్లు. ఇప్పుడు ఆమెకు మళ్లీ ఐదో నెల. టీవీలో మళ్లీ కేసులని విన్నప్పటి నుంచి మనిషి మనిషిగా లేదు. కూరగాయల మీద శానిటైజర్ కొట్టి తుడుస్తుంది. పాపను అంగన్‌వాడీకి పంపదు. డాక్టరమ్మ బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ రాస్తే రెండుసార్లు వాయిదా వేసింది. రాత్రి నేను గుంట మీద నుంచి వచ్చేదాకా పడుకోదు. వచ్చాక నా నుదురు తాకి చూస్తుంది. ‘ఏం కాదులే’ అంటే ఇంకా ఎక్కువ చేస్తుంది. ఒకసారి ‘నావల్లే కదా నువ్వు మీ నాయన దగ్గర లేకుండా పోయావు’ అంది. నాకూ కరెంటు పోయి గుంట నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే గుండె దడ, చెమటలు. ఒక్కోసారి గట్టు మీద కూర్చుంటే ఎందుకీ బతుకు అనిపిస్తుంది. కడుపుతో ఉన్నామె ముందు పాత ఏడుపులు ఎత్తొద్దంటుంది మా అమ్మ. మా అత్త తాయెత్తు కట్టించింది. ఈమెకు పిచ్చి పడుతుందా? మందులు వాడితే బిడ్డకు ప్రమాదమా?

సమాధానం:

మీ ఉత్తరం నిండా మీ ఆమే ఉంది. మీ గురించి రాసుకున్నవి రెండే వాక్యాలు. ఒకటి ఏరేటర్ల సంగతి, రెండోది ‘ఎందుకీ బతుకు’ అన్నది. ఆ రెండోదాన్ని మాటల మధ్య జారవిడిచి మీరు ముందుకెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను.

రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చి గుంట ఎత్తేసిన రోజున ఎవరైనా ఆ మాట అంటారు. గంట తర్వాత టీ తాగి లేచిపోతారు. అదొక రకం. అదే ఆలోచన రోజూ అదే గట్టు మీదికి, అదే వేళకి వచ్చి కూర్చుంటుంటే, ఎట్లా పోవాలన్నదాకా సాగుతుంటే, అది వేరే రకం. మీది ఏదో మీకే తెలుసు. రెండోదైతే ఈ సమాధానం పక్కన పెట్టి ముందు 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా చేయొచ్చు. షెడ్డులో మందులు పెట్టే గది తాళం మీ దగ్గర ఉంచుకోకండి. మీ బావమరిదికో, నమ్మకమైన పనివాడికో ఇచ్చేయండి. ఎందుకని అడిగితే ‘కొన్నాళ్లు నీ దగ్గరుండనీ’ అంటే చాలు. దడా చెమటలూ వారానికి రెండు మూడుసార్లు వస్తున్నాయంటే, మొదటి రకమే అయినా సరే, మీరూ డాక్టరుకి చూపించుకోవాలి. నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది.

‘కడుపుతో ఉన్నది ఆమె కదా, నాకేంటి’ అంటారు మగవాళ్లు. నా దగ్గరికి భార్యను తీసుకొచ్చి బయట బెంచీ మీద కూర్చునే భర్తలు చాలామంది ఇదే అంటారు. బిడ్డ కడుపున పడ్డప్పటి నుంచి పుట్టిన ఏడాది లోపు, తండ్రుల్లో దాదాపు పదిమందికి ఒకరు డిప్రెషన్‌లో పడతారని పరిశోధనలు చెబుతున్నాయి. అది ఏడుపుగా బయటపడేది తక్కువ. కసురుకోవడం, పని మీదపడి ఇంటికి రాకపోవడం, ఛాతీలో బరువు, రెండు పెగ్గులు నాలుగవడం... ఇట్లా వస్తుంది. పైగా మీకు ఏరేటర్ ఆగడమంటే డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోవడం మాత్రమే కాదు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలడం మీకు తెలుసు. ఆక్సిజన్ అందక మీ నాయన పోయాడు. ఆ చప్పుడు ఆగగానే మీ ఒళ్లు 2021 మేకి వెళ్లిపోతోంది. మీరు పిలవకుండానే వెళ్తోంది. ఇందులో వింతేం లేదు.

ఇప్పుడు మీ ఆమె సంగతి. పిచ్చి పట్టడం లేదు. ఆమె చేస్తున్న పనులన్నీ వరసగా పెట్టి చూడండి. కూరగాయలు తుడవడం, పాపను ఇంట్లోనే ఉంచడం, స్కాన్‌కి వెళ్లకపోవడం, మీ నుదురు తాకడం. వీటిలో ఆ నుదురు తాకడం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు ‘ఏం కాదులే’ అన్న తర్వాత కూడా చెయ్యి వేసి చూస్తోందంటే, మీ మాటని కాదు, మీ చర్మాన్ని నమ్ముతోంది. ఎందుకంటే ఒకసారి ఆమె అడిగింది, మీరు ‘ఏం కాదులే’ అన్నారు. ఆ మాట అన్నప్పుడు మామ పాడె మీద ఉన్నాడు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు నాయనా. ఆ రోజున గేటు బయట నేనున్నా అదే అబద్ధం ఆడేదాన్నేమో. పురిటి నొప్పుల్లో ఉన్న పిల్లకు మామ పోయాడని ఫోన్లో ఎట్లా చెబుతాం? కాకపోతే ఆ అబద్ధానికి అప్పుడు ఎంత విలువుందో, ఇప్పుడు అంత ఖరీదు కడుతున్నారు. మీ ఇంట్లో ‘ఏం కాదులే’ అంటే ‘ఏదో అయింది, నాకు చెప్పడం లేదు’ అని అర్థం మారిపోయింది. అందుకే మీరు ఎంత గట్టిగా అంటే ఆమె అంత ఎక్కువ చేస్తోంది. ఆ మాట మీరు పూర్తిగా మానేయాలి. దాని బదులు నిజం చెప్పాలి, చిన్నదైనా, ఇష్టం లేనిదైనా. ‘జ్వరం లేదు, ఒళ్లు నొప్పులున్నాయి, రాత్రంతా నిద్ర లేదు.’ ‘ఈ పంటలో రొయ్య ఎదగడం లేదు, నాకు భయంగా ఉంది.’ ‘కరెంటు పోతే నాకు గుండె దడ వస్తోంది.’ ఆఖరిది చెప్పడానికి నోరు రాదని తెలుసు. రెండు రోజుల తర్వాతైనా సరే, చెప్పండి.

మరి ఆ పాత సంగతి? మీ అమ్మ మాటను నేను తీసిపారేయను. చూలాలి చెవిన ఉన్నట్టుండి చావు కబురు వేయకూడదని పెద్దలు అనుకోవడంలో అర్థముంది. కానీ ఇది కొత్త కబురు కాదు. ఇద్దరికీ తెలిసిందే, నాలుగేళ్లుగా ఇద్దరూ విడివిడిగా మోస్తున్నదే. ఇంట్లో కూర్చుని ఇద్దరూ కలిసి ఏడిస్తే కడుపులో బిడ్డకు ఏం కాదు. (ఇక్కడ నేను ‘ఏం కాదు’ అంటున్నది తెలిసే అంటున్నాను.) రోజుల తరబడి నిద్రలేకపోవడం, తిండి మానేయడం, చెకప్‌లు తప్పించడం, వీటి వల్ల బిడ్డకు ఇబ్బంది. ఇంకో మాట. ఆ రోజు మీ అమ్మ కూడా భర్తను పోగొట్టుకుంది. పాత ఏడుపులు ఎత్తొద్దని ఆమె అనేది కోడలి కోసమేనా, లేక తన కోసమా? ఒకసారి ఆమె దగ్గర కూర్చుని అడిగి చూడండి.

చెప్పడం ఎట్లా అన్నది మీ పనిలోనే ఉంది. మేత తిన్నాయో లేదో గట్టు మీద నిలబడి నీళ్లను చూసి చెప్పలేరు కదా, చెక్ ట్రే పైకి ఎత్తి చూడాలి. ఇక్కడ ముందు మీ ట్రే ఎత్తండి. సాయంత్రం పూట, పాపను అమ్మ దగ్గర ఉంచి, ఫోన్లు లోపల పెట్టి అరగంట కూర్చోండి. పడుకునే ముందు వద్దు, ఇద్దరికీ నిద్ర పట్టదు. ‘నీకేమనిపిస్తుంది’ అని మొదలుపెట్టొద్దు. ఆ గేటు బయట మీరేం చూశారో చెప్పండి. ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఫోన్ వచ్చినప్పుడు చేతిలో ఏముంది, ఆమెకు ఫోన్లో అబద్ధం చెప్పాక ఏం చేశారు. ఆమె లోపల ఒంటరిగా ఎట్లా ఉందో తర్వాత తనే చెబుతుంది. అదే రోజు చెప్పకపోవచ్చు, వారం పట్టొచ్చు.

అప్పుడు తప్పకుండా ‘నావల్లే’ అంటుంది. ‘ఛ, అదేం లేదు’ అని తొందరపడి ఆమె నోరు మూయించకండి, అది కూడా ‘ఏం కాదులే’కి చుట్టమే. వినండి. విన్నాక మీకు తెలిసిన నిజాలు చెప్పండి. రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే బయటపడింది. అప్పటి నుంచి ఏడాదికి పైగా ఆమె గడప దాటడానికి భయపడుతూ బతికింది. 2021 మేలో గర్భిణులకు మన దేశంలో టీకాకు అనుమతే లేదు. అది జులై 2న ఇచ్చారు, పాప పుట్టిన తర్వాత. ఆ మే నెలలోనే కొవిడ్ తగ్గుతుందన్న ఆశతో ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నం దారి పొడవునా జనం నిలబడ్డారు. అంత భయంలో, అంత అయోమయంలో ఎవరు ఎవరి దగ్గర ఉండగలిగారు? మీరు ఒంగోలు వెళ్లకపోవడానికి కారణం ఆమె కాదు. పెద్దవాళ్లు రావద్దన్నారు, ఆసుపత్రి లోపలికి రానివ్వలేదు, కర్ఫ్యూ ఉంది. ఇవన్నీ మీకు తెలుసు. మీ నోటి నుంచి ఆమె ఎప్పుడైనా విన్నదా?

తలకొరివి పెట్టలేదన్న బాధ మీలోనూ ఉంది, మీరు రాయకపోయినా. ఈసారి సాంవత్సరీకం రోజున పాపను పక్కన కూర్చోబెట్టుకుని తాతయ్య గురించి ఒకటి రెండు సంగతులు చెప్పండి. ఇంట్లో ఆయన పేరు మామూలుగా వినిపించడం మొదలవ్వాలి.

కొవిడ్ భయం విషయంలో ఆమెను ఎగతాళి చేయొద్దు, అలాగని శానిటైజర్ కూడా తేవద్దు. ఈ వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా, దగ్గరగా ఉన్నవాళ్ల ఊపిరి నుంచి వస్తుంది. వంకాయల మీద నుంచి కాదు. శానిటైజర్ తిండి మీద కొట్టేది కాదు, కూరగాయలకు మామూలు నీళ్లు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అప్పటి డెల్టా రోజులు ఇవి కావు, చాలామందికి ఒకసారి సోకి ఉండటంతోనో టీకాతోనో కొంత రక్షణ ఉంది. అయినా గర్భిణికి ఈ జబ్బు మామూలు ఆడవాళ్ల కంటే కాస్త ఎక్కువ ఇబ్బంది పెట్టగలదన్నది నిజం, అది దాచొద్దు. కాబట్టి ఆమె జాగ్రత్తకి పని కల్పించండి. జనం కిక్కిరిసిన ఓపీలో మాస్కు, బయటి నుంచి వచ్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవడం, జ్వరం గానీ ఆయాసం గానీ వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు. ఇవి ఆమె ఇంట్లో అందరితో చేయించవచ్చు, మీతో సహా. వార్తలు రోజుకొకసారి, పదిహేను నిమిషాలు చాలు. ఇక పాపను వచ్చే సోమవారం నుంచి అంగన్‌వాడీకి పంపండి, మొదటి వారం మీరే దిగబెట్టండి. నాలుగేళ్ల పిల్ల అమ్మ భయాన్ని రోజంతా చూస్తూ ఇంట్లో ఉండటం ఇద్దరికీ మంచిది కాదు.

మందుల గురించి అడిగారు. దానికి ముందు చేయాల్సినవి ఉన్నాయి. డాక్టరమ్మతో థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించండి. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా నిద్రలేమి, చిరాకు, గుండె దడ వస్తాయి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. తర్వాత డిప్రెషన్ ఉందేమో తెలుసుకోవడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల కాగితం ఉంటుంది, గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతుంది. 1987 నుంచి వాడుతున్నారు, గర్భిణులకూ వాడతారు, తండ్రులకూ పనికొస్తుంది. మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాలంటారు. పదో ప్రశ్న మాత్రం తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ‘ఎప్పుడూ లేదు’ తప్ప ఇంకే జవాబు వచ్చినా మార్కులు లెక్కపెట్టకుండా అదే రోజు వెళ్లాలి. ఇద్దరూ విడివిడిగా నింపండి. మీరు ఆమెకంటే ఎక్కువ తెచ్చుకున్నా నేను ఆశ్చర్యపోను.

మందు లేకుండానే తగ్గేవాళ్లు చాలామంది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశా కార్యకర్తల వంటి ఆడవాళ్లకు తర్ఫీదిచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. ఆఖరి నెలలో మొదలుపెట్టి కాన్పు తర్వాత కూడా వెళ్లి మాట్లాడేవారు, చిన్న చిన్న పనులు ఇచ్చేవారు, ఇంట్లో వాళ్లనూ కూర్చోబెట్టేవారు. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి ఆ తల్లుల్లో డిప్రెషన్ 23 శాతానికి తగ్గింది. మామూలుగా చూసివచ్చిన ఇళ్లలో అది 53 శాతంగా ఉండిపోయింది. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. మందు బిళ్ల ఒక్కటీ ఇవ్వలేదు. కాబట్టి మీ ఊరి ఆశా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు బీపీ చూపించుకుని పంపేయకండి, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి.

అయినా తగ్గకపోతే, తిండి, నిద్ర పూర్తిగా పోతే, మందు వాడాల్సిందే. డిప్రెషన్‌కూ ఆందోళనకూ ఇచ్చే సెర్ట్రాలిన్ లాంటివి గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. మూర్ఛ వంటి వాటికి ఇచ్చే వాల్‌ప్రోయేట్ లాంటివి గర్భంతో ఉన్నప్పుడు వద్దంటారు. ఏది వాడాలో చెప్పాల్సింది మానసిక వైద్యుడు, ఆమె గర్భిణి అని మొదటి మాటగా చెప్పాలి. మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చి ఆమెకు ఇవ్వొద్దు, మీరూ వేసుకోవద్దు. మొదలుపెట్టిన మందు చుట్టాల మాట విని ఒక్కసారిగా ఆపేయొద్దు.

తాయెత్తు గురించి నన్ను అడగలేదు గానీ, అడిగినట్టే రాశారు. ఉండనీయండి. రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువులో నడుముదాకా దిగి సంతానం రొట్టె పట్టుకునే ఊరివాళ్లం, నమ్మకాన్ని నేనెక్కడ కాదంటాను? తాయెత్తు చేతికి, మందు నోటికి. రెండూ తగాదా పడవు. మీ అత్తగారు పుట్టింటికి తీసుకెళ్లే మాట ఎత్తినప్పుడు మాత్రం, ఈసారి ఎక్కడ ఉండాలో మీ ఆమెనే తేల్చనీయండి. పోయినసారి శ్రీమంతం కూడా జరిగి ఉండదు. ఐదో నెలలో చలిమిడి పెడతారు కదా, నలుగురు ఆడవాళ్లను పిలవండి. మనిషికి మనిషి దగ్గరగా వచ్చి బొట్టు పెట్టించుకుని చాలా కాలమై ఉంటుంది ఆమెకు.

ఆమె భయమంతా ఒకచోట కుప్ప పోస్తే, నాకు కనిపించేది ఆ గేటు. మళ్లీ తను లోపల, మీరు బయట. కాన్పు గదిలో తోడుగా ఒకరు ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. మామూలుగా కాన్పు అయిన ఆడమనిషిని ఉండనిస్తారు. గది విడిగా, మరుగుగా ఉన్నచోట భర్తకూ వీలుంది. అన్నిచోట్లా ఒకే తీరు ఉండదు కాబట్టి ఇప్పుడే, నొప్పుల రోజున కాకుండా ఇప్పుడే, కాన్పు ఎక్కడో అక్కడ అడిగి తెలుసుకోండి. రానివ్వకపోతే ఆ సంగతి కూడా ఆమెకు ముందే చెప్పండి. అప్పుడు ఎవరుంటారు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏదైనా జరిగితే ఆమెకు ఎవరు చెబుతారు అన్నది ఇద్దరూ అనుకోండి. చెడ్డ కబురైనా మీరే చెబుతారని మాటివ్వండి.

ఇక టిఫా. అది 18 నుంచి 22 వారాల మధ్య చేయించాలి, అందుకే డాక్టరమ్మ రాసింది. ఐదో నెల నడుస్తోందంటే మీ చేతిలో రోజులు ఎక్కువ లేవు. వాయిదా ఆమె వేసిందని రాశారు గానీ, ఆ రెండుసార్లూ మీకు గుంట మీద పని పడింది, అవునా? ఈసారి పొద్దున మేత వేయడానికి మనిషిని పెట్టుకోండి. రేపు ఫోన్ చేసి టైము రాయించండి. స్కాన్ గదిలోకి మిమ్మల్ని కూడా రానిస్తారా అని అదే ఫోన్లో అడగండి. బిడ్డ గుండె కొట్టుకోవడం వినపడితే ఆమె మొహం చూడకండి, తెర వైపు చూడండి, ఆమె మిమ్మల్ని చూస్తుంటుంది. రిపోర్టులో ఏం రాశారో కారు దాకా ఆగకుండా, అక్కడే బెంచీ మీద కూర్చుని పైనుంచి కిందదాకా ఆమెకు చదివి వినిపించండి.